కొన్న కోడెకి వంశం ఉండదు

ఆన్‌లైన్‌లో గుర్రాలను పెంచి, జత కట్టించి, పిల్లల్ని తీసే ఆటలున్నాయి. వాటిని ఆడేవాళ్ళ అలవాటు ఒకటి బయటివాళ్ళకి వింతగా అనిపిస్తుంది. ఆటలో సంపాదించిన డబ్బంతా పోసి ఒక మంచి గుర్రాన్ని కొంటారు, కొన్నాళ్ళకే దాన్ని 'రిటైర్' చేసేస్తారు. ఆలోచిస్తే కారణాలు తెలుస్తాయి. శాలలో చోటు తక్కువ. కావాల్సిన లక్షణం ఒక్క పిల్లలోకి దిగితే చాలు, ఇక తల్లో తండ్రో అక్కర్లేదు. ఇతరుల పేరుతో పుట్టిన గుర్రం కన్నా తన శాలలో పుట్టినదే ముద్దు. పైగా ఒకే రక్తం మళ్ళీ మళ్ళీ కలిస్తే వంశం చెడుతుందన్న భయం.

తెరమీద ఇదంతా ఒక బటన్ నొక్కడమే. అదే నిర్ణయాన్ని తరతరాలుగా నిజం పశువుల మీద తీసుకున్న చరిత్ర మనకుంది. అందులో ఒక అధ్యాయం నల్లమల అంచున, బల్మూర్, అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంతానిది. అక్కడి పశువు పేరు పొడ తూర్పు.

ఒంటిమీద పొడలు, అంటే మచ్చలు ఉంటాయి కాబట్టి పొడ. మరి తూర్పు ఎక్కడిది? పెంచేవాళ్ళకి అది తూర్పు కాదు, వాళ్ళ ఊరే. పాలమూరు పడమటి వైపు రైతులకి ఈ ఎడ్లు తూర్పు నుంచి, అడవి వైపు నుంచి వచ్చేవి. అంటే ఈ జాతికి సగం పేరు పెట్టింది కొన్నవాళ్ళే. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలో జరిగే పశువుల సంత ఈ అమ్మకాలకి పేరుపొందింది. మందలు కాసేది ఎక్కువగా లంబాడా కుటుంబాలు. ఈ ఆవులు పాలు పెద్దగా ఇవ్వవు. మందకి రాబడి అంటే కోడెలే.

కొన్న రైతుకి కావాల్సింది రాళ్ళ నేలలో నాగలి లాగే జోడు. అందుకని కోడెకి విత్తులు కొట్టించేవాడు. ఆ క్షణంతో దాని వంశం ఆగిపోయేది. ఒంట్లో బలం, కాళ్ళలో గట్టితనం, చెప్పినమాట వినే గుణం ఉన్నదానికే మంచి ధర పలికేది. ఆ ధర పలికినదే పిల్లల్లేకుండా పోయేది. పుస్తకం లెక్క ప్రకారం చూస్తే ఇది తలకిందుల వ్యవహారం. సంత ఏటా మేలైన మగవాటినే ఏరి వంశంలోంచి తీసేస్తోందన్నమాట.

ఇది ఎంత ప్రమాదమో చెప్పే చిన్న సూత్రం జన్యుశాస్త్రంలో ఉంది. మగ, ఆడ పశువుల సంఖ్యలను గుణించి, నాలుగింతలు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. 100 ఆవులకి ఒకే ఆబోతు ఉంటే జవాబు దాదాపు 4. కంటికి 101 పశువులు కనబడుతున్నా, వంశవైవిధ్యం విషయంలో ఆ మంద నాలుగు పశువుల మందతో సమానం. ఆబోతులు నాలుగైతే అదే మంద 15 దాటుతుంది. కాబట్టి మందలో అసలు నిర్ణయం ఏ కోడెని అమ్మాలన్నది కాదు, ఏ కోడెల్ని అమ్మకుండా ఆపుకోవాలన్నది.

కోస్తాలో ఒంగోలు జాతి దీనికి ఇంకో జవాబు వెతికింది. కలిగిన ఇంట్లో పెద్దవాళ్ళు పోతే, వాళ్ళ పేరున మంచి కోడెదూడని ఎంచి, కొని, ముద్ర వేసి ఊరిమీద వదిలేవారు. దానికి నాగలి లేదు, బండి లేదు. ఎవరి చేలో మేసినా కొట్టకూడదు. 'అచ్చోసిన ఆంబోతు' అని ఇవాళ మనం తిట్టుగా వాడే మాట అక్కడిదే. ఇక్కడా కొన్నారు, ఇక్కడా రిటైర్ చేశారు. కాకపోతే రిటైర్ చేసింది పని నుంచి, వంశం నుంచి కాదు. ఒక కుటుంబం ఖర్చు పెడితే ఊరి ఆవులన్నింటికీ తండ్రి దొరికాడు. బ్రెజిల్ వాళ్ళు 'నెలోర్' అని పిలుచుకునే కోట్ల పశుసంపదకి మూలం ఈ జాతే. 1960ల మొదట్లో ఇక్కడినుంచి వెళ్ళిన కరవది అనే ఆబోతుని అక్కడ వంశకర్తగా ఇప్పటికీ చెప్పుకుంటారు. కొన్నవాళ్ళు దాన్ని దుక్కికి కట్టలేదు.

ఇదంతా చూసి పొడ తూర్పు కొన్న రైతుని తప్పుపట్టాలనిపిస్తుంది. పట్టకూడదు. ఆ విత్తులు కొట్టిన ఎద్దు తెచ్చిన డబ్బుతోనే మంద బతికింది. ఏటా కోడెలు అమ్ముడుపోతాయన్న నమ్మకంతోనే ఆవుల్ని, వాటితోపాటు రెండుమూడు ఆబోతుల్ని అడవిలో మేపారు. వంశం ఆగిపోయిన ఎద్దులే వంశాన్ని పోషించాయి.

ట్రాక్టర్ తెంపింది ఆ ముడినే. దుక్కికి ఎద్దు అక్కర్లేకపోతే కోడెకి గిరాకీ లేదు, గిరాకీ లేకపోతే మందకి రాబడి లేదు. అమ్రాబాద్ అడవి పులుల అభయారణ్యం కావడంతో మేతకి కట్టుబాట్లు కూడా వచ్చిపడ్డాయి. 2020లో పొడ తూర్పుకి జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు దొరికింది. సంతోషమే. కాని గుర్తింపు పత్రం కోడెని కొనదు.

ఆటలో రిటైర్ చేసిన గుర్రం పోతే పోయిందనుకోవచ్చు, కంపెనీ సర్వర్ ఇంకో గుర్రాన్ని పుట్టిస్తుంది. నల్లమలలో ఆ సర్వర్ కాపరి కుటుంబమే. ఇన్నాళ్ళూ దాన్ని నడిపిన ఖర్చు పడమటి రైతు తనకి తెలియకుండానే భరించాడు. ఒంగోలులో ఆ ఖర్చు పోయినవాళ్ళ పేరున భరించారు. ఇప్పుడు పొడ తూర్పు ఆబోతు మేత ఎవరి లెక్కలో రాయాలో తేల్చుకోవాలి. అది తేలకుండా జాతిని కాపాడుతున్నామని అనుకోవడం కుదరదు.