నవలకు పేరు పెట్టిన విమర్శ

క్రొత్తగా వెలువడిన నవలలను చదివి, వానిపై మా అభిప్రాయములను శ్రోతలకు నివేదించుట మాకు అలవాటైన పని. సమకాలికుని రచనను తూచుట సులభము కాదు. కాలమింకను తీర్పు చెప్పలేదు. రచయితయో, మన కన్నుల యెదుటనే యున్నాడు. ఈ చిక్కు తెలుగు నవలతోడనే పుట్టినది.

1872లో నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారు 'శ్రీరంగరాజ చరిత్రము'ను ప్రకటించిరి. 1878లో కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'రాజశేఖర చరిత్రము' 'వివేకవర్ధని' పత్రికలో వెలువడ నారంభించెను. గోల్డుస్మిత్తు ఆంగ్లనవల ఛాయలు అందున్నను, కథ మాత్రము మన గోదావరి తీరముది. ధవళేశ్వరపు గృహస్థుడొకడు ముఖస్తుతులకు లొంగి, బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి, ఉన్నది పోగొట్టుకొనును. పంతులుగారు దీనిని వచన ప్రబంధమనిరి. ఈ క్రొత్త ప్రక్రియకు అప్పటికి వేరు పేరు లేదు.

ఆ గ్రంథమును నిశితముగా విమర్శించినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. సంఘసంస్కరణ విషయమున ఆయన పంతులుగారికి ప్రతిపక్షి. అయినను, ఈ ప్రక్రియను 'నవల' యని మొదట పిలిచినవారు ఆయనయే యని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. పూర్వము స్త్రీ యను అర్థమున కావ్యములలో వాడిన మాట, ఆంగ్ల శబ్దమునకు దగ్గరగా నుండి, క్రొత్తదనమును స్ఫురింపజేయుచు ఇక్కడ చక్కగా కుదిరినది.

మిత్రులు ఆ గ్రంథమును మెచ్చుకొనిరి. పేరు మాత్రము ప్రతిపక్షి యిచ్చెను. ఆయన అభ్యంతరములను నేడు తలచువారు అరుదు. ఆ మాట మాత్రము ఇంటింట నిలిచినది. శ్రద్ధగా చదివినవాని అసమ్మతియు సాహిత్యసేవయే. కావున శ్రోతలారా, మీరు చదివిన నవల నచ్చనిచో, ఏల నచ్చలేదో సంకోచింపక చెప్పుడు.