సామర్లకోటలో గీశారు, లండన్‌లో అచ్చేశారు: కోరమాండల్ మొక్కల పుస్తకం కథ

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క పుస్తకం గురించి. మూడు సంపుటాలు, 300 రంగుల బొమ్మలు. ఒళ్ళో పెట్టుకుని చదివే సైజు కాదు, పెద్ద బల్ల మీద పరచాల్సిందే. పేరు 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. మొదటి భాగం 1795లో లండన్‌లో వచ్చింది, చివరి భాగం 1820లో. మొక్కల బొమ్మలున్న పాత పుస్తకాలు సేకరించేవాళ్లకి ప్రపంచమంతటా ఒక లిస్టు ఉంటుంది, ఆ లిస్టులో దీనికి మంచి స్థానమే ఉంది. మరి మనకేంటి అంటారా? ఈ పుస్తకానికి పునాది పడింది సామర్లకోటలో. కాకినాడ పక్కన, రైల్వే జంక్షన్ ఉందే, ఆ సామర్లకోటే.

ముందు మనిషి గురించి చెప్తాను. విలియం రాక్స్‌బర్గ్, స్కాట్లాండ్ వాడు, 1751లో పుట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వైద్యంతో పాటు మొక్కల శాస్త్రం నేర్చుకున్నాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరాడు. 1781లో సామర్లకోటకి వచ్చాడు. అక్కడ సైనికులకి వైద్యం చెయ్యడం ఉద్యోగం, తోట పెంచడం పిచ్చి. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, ఇంకా చాలా వేసి చూశాడు. రాజమండ్రి వైపు కొండల్లో అడవి మిరియం తీగలు కనిపిస్తే అవి తెప్పించి తోటలో పెట్టించాడు. రోజూ వాతావరణం లెక్కలు రాసుకునేవాడు. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారుల్లో భయంకరమైన కరువు వచ్చింది కదా, అది చూశాక కొబ్బరి లాంటి తిండి పెట్టే చెట్లు విరివిగా నాటించాలని కంపెనీకి రాశాడు.

కంపెనీకి మొక్కల మీద అంత ప్రేమ ఎందుకు? ప్రేమేం కాదు, వ్యాపారం. ఏ చెట్టు బెరడు మందుకి పనికొస్తుంది, ఏ వేరు రంగుకి, ఏ కలప ఓడలకి. ఇవి తెలిస్తే డబ్బు. అందుకే మద్రాసులో జీతమిచ్చి ఒక ప్రకృతి శాస్త్రవేత్తని పెట్టుకున్నారు. మొదట యోహాన్ కోనిగ్, స్వయంగా లిన్నేయస్ శిష్యుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే చనిపోయాడు. తర్వాత పాట్రిక్ రసెల్. రక్తపింజరి పాముకి ఇంగ్లీషులో రసెల్ పేరు ఉంటుంది చూశారా, ఆయనే ఈయన. ఆయన తర్వాత రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా బొటానిక్ గార్డెన్ చూసుకోవడానికి వెళ్లిపోయేదాకా ఆయన పనంతా మన తీరంలోనే సాగింది.

ఇక అసలు విషయం, బొమ్మలు. రాక్స్‌బర్గ్ మనవాళ్లైన చిత్రకారుల్ని జీతానికి పెట్టుకున్నాడు. మొక్క తెంపుకొస్తారు, వాడిపోయేలోపు కాగితం మీద ఉన్న సైజులో గీస్తారు, నీటిరంగులు వేస్తారు. పువ్వు విప్పి లోపలి భాగాలు కింద విడిగా, పెద్దవి చేసి గీస్తారు. పక్కన రాక్స్‌బర్గ్ వివరం రాస్తాడు. ఇలా తయారైన బొమ్మలు సుమారు 500 లండన్‌కి పంపాడు. అక్కడ సర్ జోసెఫ్ బ్యాంక్స్, అప్పట్లో ఇంగ్లండ్‌లో మొక్కల విషయంలో ఆయన మాటే చివరి మాట, వాటిలోంచి 300 ఏరాడు. 25 చొప్పున 12 భాగాలుగా అచ్చు వెయ్యడం మొదలైంది. చివరి సంపుటం వచ్చేసరికి కలకత్తా రోజుల బొమ్మలు కూడా కలిశాయి.

అచ్చు ఎలా జరిగేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సేకరించేవాళ్ల లోకం మొత్తం దీని మీదే నడుస్తుంది. బొమ్మని రాగి రేకు మీద గీతలుగా చెక్కుతారు. గీతల్లో సిరా నింపి, తడి కాగితం పెట్టి, గట్టిగా నొక్కుతారు. ఆ నొక్కుడికి రేకు అంచు కాగితం మీద చతురస్రంగా అచ్చు దిగుతుంది. పాత బొమ్మ చేతికొస్తే మొదట వేలితో తడిమి చూసేది ఆ అంచునే. ఆధునిక ప్రింట్ అయితే ఆ గుంట మామూలుగా ఉండదు. అచ్చులో వచ్చేది గీతలు మాత్రమే. రంగు ప్రతి కాపీకీ మనుషులు కుంచె పట్టుకుని వెయ్యాలి. ముందు ఒక నమూనా పెట్టుకుని, దాన్ని చూస్తూ ఒక్కొక్కటి వేస్తారు. అందుకే ఇలాంటి పుస్తకం రెండు కాపీలు పక్కపక్కన పెడితే ఆకుపచ్చ ఒకేలా ఉండదు. ఒకసారి ఆలోచించండి. మోదుగ పువ్వుకి లండన్‌లో రంగు వేసిన మనిషి పూసిన మోదుగ చెట్టుని జన్మలో చూసి ఉండరు. సామర్లకోట మనిషి వేసిన రంగుని నమ్మి వేశారు.

కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే తయారుచేసిన మిల్లు గుర్తు కనిపిస్తుంది, ఒక్కోసారి సంవత్సరం కూడా. పుస్తకం మీద 1795 అని ఉండి, కాగితంలో 1810 అని ఉంటే, అది తర్వాత వేసిన కాపీ అని అర్థం. తేమకి వచ్చే గోధుమరంగు మచ్చలు, పురుగు తిన్న కన్నాలు, బైండింగ్ మార్చారా లేదా, ఇవన్నీ చూస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన పని మాత్రం చాలా బోరింగ్ పని: లెక్కపెట్టడం. 300 ఉన్నాయా లేవా. పాతిక సంవత్సరాల పాటు భాగాలుగా వచ్చిన పుస్తకం కదా. మొదటి భాగం కొన్నవాళ్లందరూ చివరిదాకా కొంటారని ఏముంది? రాక్స్‌బర్గే 1815లో పోయాడు. చివరి భాగం వచ్చిన 1820లోనే బ్యాంక్స్ కూడా పోయాడు. పూర్తి సెట్టు అరుదు అంటే ఆశ్చర్యం లేదు.

అరుదవడానికి ఇంకో కారణం ఉంది, నాకు ఒళ్ళు మండే కారణం. బ్లేడు. ఇలాంటి పుస్తకాన్ని పుస్తకంగా అమ్మితే కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? అదే బొమ్మలు ఒక్కొక్కటీ కోసి, ఫ్రేము కట్టి అమ్మితే గోడకి తగిలించుకునేవాళ్లు వందలమంది. అందుకని పుస్తకాల్ని విప్పి విడి బొమ్మలుగా అమ్మడం ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉంది. పాత ప్రింట్లు అమ్మే చోట్ల కోరమాండల్ బొమ్మలు విడిగా కనిపిస్తే వాటి కథ అదే. ఒక కాపీ తగ్గిందని బాధపడేది లైబ్రరీలు, సేకరించేవాళ్లు. నా బాధ వేరు. బొమ్మ గోడెక్కుతుంది, దాని పక్కన ఉండాల్సిన పేజీ ఎటు పోతుంది? ఆ పేజీని ఎవరూ ఫ్రేము కట్టుకోరు.

ఆ పేజీలో ఏముందో చూద్దాం. రాక్స్‌బర్గ్ ప్రతి మొక్కకీ లాటిన్ పేరు పెట్టాక, తెలిసిన చోటల్లా 'తెలింగ' పేరు ఇచ్చాడు. తెలింగ అంటే మనమే. అంటే ఈ పుస్తకం ఒక రకంగా బ్రౌన్ నిఘంటువు కంటే ముందే, ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చైన తెలుగు మొక్కల పేర్ల జాబితా.

మొదటి సంపుటంలో మూడో బొమ్మ తీసుకోండి. బెత్తెడు ఎత్తు కూడా లేని పిచ్చిమొక్కలా ఉంటుంది, చిన్న తెల్ల పువ్వులు. ఎవరూ డ్రాయింగ్ రూములో పెట్టుకోరు. కానీ పేజీ తిప్పి చదివితే అది చిరివేరు. సముద్రం పక్క ఇసుక నేలల్లో పెరిగే మొక్క. దాని వేరు, పటిక కలిస్తే నూలు బట్ట మీద పోని ఎరుపు వస్తుంది. మచిలీపట్నం కలంకారీ ఎరుపు ఇదే. యూరప్ మొత్తం ఎగబడి కొన్న అద్దకం బట్టల వెనక ఉన్న వేరు ఇదే. అద్దకం పద్ధతి కూడా ఆ పేజీల్లో రాసి పెట్టాడు. పేరు ఇంగ్లీషులో చదివితే 'చెరివెల్లో' అన్నట్టు ఉంటుంది. నాకు తోచింది చెప్తాను: ఆయన విన్నది బహువచనం, 'చెరివేళ్ళు'. వేళ్ళు తవ్వేవాళ్లు ఒక్క వేరు గురించి మాట్లాడరు కదా. ఊహే, కానీ ఆ స్పెల్లింగ్‌లో ఎవరో ఒక తెలుగు మనిషి గొంతు వినిపిస్తుంది నాకు.

అయిదో బొమ్మ చిల్లచెట్టు. దాని గింజని మట్టికుండ లోపల ఒకటి రెండు నిమిషాలు రుద్ది, బురద నీళ్లు పోస్తే మట్టి కిందకి దిగి నీళ్లు తేరుకుంటాయి. మన అమ్మమ్మల కాలం దాకా తెలిసిన సంగతే. పన్నెండో బొమ్మ నల్లజీడి. పంతొమ్మిది ఇప్ప. ఇరవై ఒకటి మోదుగ, మనం విస్తళ్ళు కుట్టే మోదుగ. ఇరవై రెండు తీగమోదుగ.

పదిహేడో బొమ్మ దగ్గర మాత్రం ఆగాలి. సోమిద చెట్టు. దీని బెరడు జ్వరానికి మందు. అప్పట్లో మలేరియా జ్వరాలకి దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడే దిక్కు, ఖరీదు. దాని బదులు సోమిద వాడొచ్చా అని రాక్స్‌బర్గ్ ప్రయత్నించాడు. అది సింకోనా స్థానం తీసుకోలేదు, కానీ పేరు నిలబడింది. 1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త జుస్యూ ఈ చెట్టుకి విడిగా ఒక ప్రజాతి ఏర్పాటు చేసి, 'సోయ్‌మిడా' అని పెట్టాడు. మన మాటే. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ దేశం వాడు ఈ చెట్టు గురించి రాసినా సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా అని తెలుగు మాటతోనే మొదలుపెట్టాలి. అదే మోదుగ సంగతి చూడండి. దానికి పెట్టిన పేరు 'బ్యుటియా'. 1762లో బ్రిటన్ ప్రధానమంత్రి అయిన ఎర్ల్ ఆఫ్ బ్యూట్ గౌరవార్థం. పేర్లు ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వాళ్లది.

పేర్లంటున్నాను కాబట్టి, సామర్లకోట చిత్రకారుల పేర్లేంటి? పుస్తకంలో లేవు. అచ్చు వేయించిన కంపెనీ పేరుంది, పర్యవేక్షించిన బ్యాంక్స్ పేరుంది, లండన్ పుస్తక వ్యాపారి పేరుంది. గీసినవాళ్ల పేరు లేదు. 'అప్పట్లో అంతే కదా' అని ఎవరైనా అంటే రెండు ఉదాహరణలు చెప్తాను.

ఒకటి, దీనికంటే వందేళ్లు ముందుది. కొచ్చిన్‌లో డచ్చి గవర్నరు వాన్ రీడ్ వేయించిన 'హోర్టస్ మలబారికస్', 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాలు. అందులో మొక్కల సంగతులు చెప్పిన ఇట్టి అచ్చుతన్ వైద్యుడి పేరు ఉంది. 'ఇవి నేను చెప్పినవి' అని ఆయన ఇచ్చిన సాక్ష్యపత్రాన్ని ఆయన లిపిలోనే మొదటి సంపుటంలో అచ్చు వేశారు. ఇవాళ కేరళలో చిన్నపిల్లలకి కూడా చెప్పుకోవడానికి ఒక పేరుంది.

రెండోది తర్వాతిది. మద్రాసులో రాబర్ట్ వైట్ అనే ఇంకో కంపెనీ వైద్యుడు 1838 నుంచి 1853 దాకా రెండు వేలకి పైగా బొమ్మలతో 'ఐకోనెస్' వేశాడు. ఆయన దగ్గర గీసినవాళ్ల పేర్లు రంగయ్య, గోవిందు. ఆయన వాళ్లని గుర్తుపెట్టుకున్నాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి 'గోవిందూయియా' అని పేరే పెట్టాడు. ఆ పేరు తర్వాత శాస్త్ర నియమాల్లో నిలబడలేదు, వేరే ప్రజాతిలో కలిసిపోయింది. అయినా రికార్డులో ఉంది. అంటే పేరు రాయడం కుదరని పని కాదు. సామర్లకోటవాళ్ల విషయంలో ఎవరికీ అవసరం అనిపించలేదు, అంతే.

ఇప్పుడు మనం ఏం చెయ్యగలం? పూర్తి సెట్టు కొనడం మన జీతాలకి అయ్యే పని కాదు. సంతోషం ఏంటంటే, కొనక్కర్లేదు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో మూడు సంపుటాలూ స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు, బొమ్మలూ, పేజీలూ కూడా. అచ్చుకి వెళ్లని వాటితో కలిపి రాక్స్‌బర్గ్ గీయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేలకి పైనే. ఒక సెట్టు కలకత్తా శిబ్‌పూర్ తోటలో, ఇంకోటి లండన్ క్యూ గార్డెన్స్‌లో ఉన్నాయి. సేకరించాలనే ఉత్సాహం ఉన్నవాళ్లకి ఒక్కటే మాట: ఫ్రేములో కోసిన బొమ్మ కనిపిస్తే అది ఏ పుస్తకంలో ఎన్నో బొమ్మో కనుక్కోండి, దాని పేజీ ప్రింటు తీసి ఆ ఫ్రేము వెనక అంటించండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, తెగిపోయిన లింకు మళ్ళీ కలపడం.

నేను ఒక షీట్ మొదలుపెట్టాను. 300 వరసలు. బొమ్మ నంబరు, లాటిన్ పేరు, రాక్స్‌బర్గ్ రాసిన తెలింగ పేరు, ఇవాళ్టి తెలుగు పేరు. చివరి గడి చాలా చోట్ల ఖాళీగా ఉంది. శ్రీకాకుళంలో ఒక పేరు, ఆదిలాబాద్‌లో ఇంకో పేరు ఉంటుంది కాబట్టి అది నేనొక్కడినే గదిలో కూర్చుని నింపేది కాదు. మీ ఇంట్లో చెట్లు గుర్తుపట్టే పెద్దవాళ్లుంటే ఆ బొమ్మలు ఫోన్లో చూపించండి. వాళ్లు ఏ పేరు చెప్తే అది, ఏ ఊళ్ళో అలా అంటారో కలిపి రాసి పంపండి. చెప్పినవాళ్ల పేరు కూడా రాయండి. ఆ షీట్‌లో అయిదో గడి దానికే పెట్టాను.

ఉంటానండీ. వచ్చే వారం కలుద్దాం.