సంఖ్య మారని మార్పు: జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ ఉదంతం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
విడిభాగానికి ఇచ్చే సంఖ్యలో ఆ భాగపు మార్పుల చరిత్ర నిక్షిప్తమై ఉంటుంది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ సంస్థ 2006లో ఇగ్నిషన్ స్విచ్‌ను సంఖ్య మార్చకుండానే సవరించిన తీరును, దాని పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: విడిభాగం, భాగసంఖ్య, ఇగ్నిషన్ స్విచ్, రీకాల్, జవాబుదారీతనం.

1. ప్రవేశిక:
ఒక నమూనా మార్కెట్లోకి వచ్చిన తరువాత కూడా తయారీదారులు దాని భాగాలను సవరిస్తూనే ఉంటారు. ఇందులో దోషం లేదు. అయితే రూపంలోగాని, అమరికలోగాని, పనితీరులోగాని తేడా వచ్చిన భాగానికి కొత్త సంఖ్య ఇవ్వాలన్నది ఇంజనీరింగ్ రంగంలో స్థిరపడిన నియమం. ఈ నియమాన్ని విస్మరిస్తే ఏం జరుగుతుందో ఈ ఉదంతం తెలుపుతుంది.

2. లోప స్వరూపం:
శాటర్న్ అయాన్, షెవ్రొలే కోబాల్ట్ మొదలైన కార్లకు డెల్ఫై సంస్థ ఈ స్విచ్‌ను సరఫరా చేసింది. తాళంచెవిని 'రన్' స్థానంలో నిలిపి ఉంచే స్ప్రింగు, చిన్న కడ్డీ పొట్టిగా ఉండటంతో చెవి తిరగడానికి నిర్దేశించినదానికన్నా తక్కువ బలం సరిపోయేది. బరువైన తాళాలగుత్తి వేలాడినా, మోకాలు తగిలినా చెవి 'యాక్సెసరీ' స్థానానికి జారేది. ఇంజను ఆగేది, పవర్ స్టీరింగు పనిచేసేది కాదు, ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగులు తెరుచుకొనేవి కావు. 2005 డిసెంబరులో సంస్థ డీలర్లకు పంపిన సూచనపత్రం కీచెయిన్ బరువు తగ్గించుకోమని వినియోగదారులకు సూచించింది.

3. సంఖ్య మారని మార్పు:
2006 ఏప్రిల్‌లో సంస్థ డిజైన్ ఇంజనీరు పొడవైన కడ్డీ, బలమైన స్ప్రింగు గల స్విచ్‌కు ఆమోదముద్ర వేశాడు. భాగసంఖ్య మాత్రం పాతదే. దీనివల్ల రెండు అనర్థాలు కలిగాయి. మొదటిది, దర్యాప్తు దారితప్పడం. 2008 నమూనా నుంచి ఎయిర్‌బ్యాగు వైఫల్యాలు ఎందుకు కనిపించడంలేదో సంస్థ పరిశోధకులకు బోధపడలేదు. కాగితాలపై స్విచ్ ఒక్కటే. రెండవది, పాత, కొత్త స్విచ్‌లు విడిభాగాల నిల్వల్లో ఒకే సంఖ్యతో కలిసిపోవడం.

జార్జియా రాష్ట్రంలో 2010లో జరిగిన ఒక మరణానికి సంబంధించిన దావాలో ఈ రహస్యం బయటపడింది. వాదిపక్షపు ఇంజనీరు 2005 కోబాల్ట్ స్విచ్‌ను, కొత్తగా కొన్న స్విచ్‌ను విప్పి పోల్చగా కడ్డీల పొడవులో తేడా కనిపించింది.

4. పర్యవసానాలు:
2014 ఫిబ్రవరిలో రీకాల్ మొదలైంది. మరమ్మతుల్లో పాత స్విచ్‌లు అమర్చి ఉండవచ్చన్న అనుమానంతో మార్చిలో 2008–2011 నమూనాలనూ చేర్చవలసి వచ్చింది. మొత్తం కార్లు సుమారు 26 లక్షలు. పరిహారనిధి 124 మరణాలను గుర్తించింది. 2015లో సంస్థ అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం 90 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

5. ఉపసంహారం:
2006లో జరిగిన సవరణ తరువాతి కొనుగోలుదారులను కాపాడింది. కాని దాన్ని ప్రకటించకపోవడంవల్ల అప్పటికే రోడ్డుమీద ఉన్న కార్ల యజమానులకు తమ స్విచ్‌లో లోపం ఉందన్న సంగతి ఎనిమిదేళ్ళు తెలియలేదు. భాగసంఖ్యలో ఒక్క అంకె మారి ఉంటే దర్యాప్తుకు ఆధారం చాలాముందే దొరికేది. విడిభాగాల నమోదు ప్రాణరక్షణలో భాగమని ఈ ఉదంతం నిరూపిస్తున్నది.