వైర్‌లెస్ పరికరాల్లో విద్యుత్ పొదుపు: పేజర్ నుంచి 5జీ వరకు

వైర్‌లెస్ పరికరం రోజులో ఎక్కువసేపు ఏమీ పంపదు. తనకు కబురు వస్తుందేమోనని ఆలకిస్తూ ఉంటుంది. కబురు వచ్చినా రాకపోయినా రిసీవర్ పనిచేస్తున్నంతసేపూ బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ రంగంలో విద్యుత్ పొదుపు చరిత్ర చాలావరకు ఆలకించే సమయాన్ని తగ్గించుకుంటూ వచ్చిన చరిత్రే. తగ్గించిన ప్రతిసారీ కబురు కొంత ఆలస్యంగా అందుతుంది. ఎంత ఆలస్యాన్ని భరించవచ్చో ప్రతి తరమూ కొత్తగా తేల్చుకోవలసి వచ్చింది.

ఈ ఆలోచనకు పేజర్లలోనే చక్కని రూపం కనిపిస్తుంది. 1970ల చివర బ్రిటిష్ పోస్టాఫీసు చొరవతో రూపొందిన పోక్‌సాగ్ పద్ధతిలో సందేశాలు సెకనుకు 512 బిట్ల వేగంతో, బ్యాచ్‌లుగా వెళ్లేవి. ప్రతి బ్యాచ్ మొదట్లో 32 బిట్ల సింక్ సంకేతం, దాని వెనుక 8 ఫ్రేములు ఉండేవి. పేజర్ చిరునామాలోని చివరి మూడు బిట్లను బట్టి దాని ఫ్రేము ఏదో ఖాయమయ్యేది. పేజర్ సింక్ సంకేతం విని, రిసీవర్‌ను ఆపేసి, తన ఫ్రేము వచ్చే వేళకు మళ్లీ తెరిచేది. 544 బిట్ల బ్యాచ్‌లో అది వినవలసినవి 96 మాత్రమే. ప్రసారం లేని వేళ సెకనుకోసారి కాసేపు మేలుకుంటే సరిపోయేది. ఎందుకంటే ప్రసారానికి ముందు కనీసం 576 బిట్ల హెచ్చరిక సంకేతం వచ్చేది. సెకనుకు పైగా సాగే ఆ సంకేతం ఏ పేజర్ కంటా పడకుండా పోదు.

1991లో ఫిన్లాండ్‌లో వాణిజ్య సేవగా మొదలైన జీఎస్ఎం ఇదే సూత్రాన్ని మొబైల్ ఫోన్లకు తెచ్చింది. సిమ్‌లోని చందాదారు సంఖ్యను బట్టి ఫోన్లను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు పిలుపు వేళ కేటాయించారు. నెట్‌వర్క్ అమరికను బట్టి ఈ పిలుపుల మధ్య వ్యవధి సుమారు అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా ఉండేది. కాల్ కలవడానికి ఆ మాత్రం ఆలస్యమైతే ఎవరికీ ఇబ్బంది అనిపించదు. 1997 నాటి తొలి వై-ఫై ప్రమాణం మరో ఏర్పాటు చేసింది. నిద్రలో ఉన్న పరికరానికి వచ్చిన సమాచారాన్ని యాక్సెస్ పాయింట్ దాచి ఉంచుతుంది. సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకోసారి పంపే బీకన్‌లో ఎవరెవరికి సమాచారం ఉందో తెలుపుతుంది.

స్మార్ట్‌ఫోన్ల రాకతో చిక్కు మారింది. వాటిలో సమాచారం రోజంతా చిన్నచిన్న మొత్తాల్లో వస్తుంటుంది. ఒకదానికీ మరోదానికీ మధ్య విరామాల్లో కూడా ఫోను కనెక్షన్‌లోనే ఉండిపోతుంది. 2008లో సిద్ధమైన ఎల్‌టీఈ (4జీ) ప్రమాణంలో కనెక్షన్‌లో ఉన్న ఫోను, మిల్లీసెకనుకోసారి కంట్రోల్ ఛానల్‌ను తరచి చూడాలి. కాబట్టి కనెక్షన్ ఉండగానే కునుకు తీసే వీలును ఆ ప్రమాణంలోనే కల్పించారు. కొంతసేపు డేటా రాకపోతే ఫోను మొదట తక్కువ వ్యవధి నిద్రకు, ఆపైన దీర్ఘ నిద్రకు మారుతుంది. కొత్త డేటా రాగానే పూర్తిగా మేలుకుంటుంది.

నీటి మీటర్లు, పొలాల్లో పెట్టే సెన్సర్ల వంటి పరికరాలకు తొందర లేదు. ఏళ్ల తరబడి ఒకే బ్యాటరీతో నడవడమే వాటికి ముఖ్యం. మొబైల్ ప్రమాణాలను విడతలవారీగా (రిలీజ్‌లుగా) వెలువరించే 3జీపీపీ సంస్థ రిలీజ్ 12లో పవర్ సేవింగ్ మోడ్‌ను ప్రవేశపెట్టింది. ఇందులో పరికరం పిలుపులకు అందకుండా నిద్రపోయి, తానుగా లేచినప్పుడే నెట్‌వర్క్‌కు దొరుకుతుంది. 2016 నాటి రిలీజ్ 13 ఇలాంటి పరికరాల కోసమే ఎన్‌బీ-ఐఓటీ అనే పద్ధతిని తెచ్చి, పిలుపుల మధ్య వ్యవధిని దాదాపు 2 గంటల 55 నిమిషాల దాకా పొడిగించింది. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్ కోలా పేరుతో ఎన్‌బీ-ఐఓటీ చిప్‌ను రూపొందించింది.

5జీలో ఒక్కో క్యారియర్ వెడల్పు 100 మెగాహెర్ట్జ్‌కూ అంతకు మించీ పెరగడంతో ఆలకించడం మరింత ఖరీదైంది. నిర్ణీత వేళకు లేచినా చాలాసార్లు వినడానికి ఏమీ ఉండదు. అందుకే 2020 నాటి రిలీజ్ 16 ముందస్తు మేలుకొలుపు సంకేతాన్ని చేర్చింది. లేవాలో అక్కర్లేదో ఫోనుకు ముందే తెలిసిపోతుంది. పిలుపుల విషయంలో మరో చిక్కు ఉంది. ఒకే పిలుపు వేళను అనేక ఫోన్లు పంచుకుంటాయి కనుక ఒకరికి వచ్చిన పిలుపు అందరినీ లేపేది. రిలీజ్ 17 వాటిని ఉపగుంపులుగా విడదీసి, సంబంధించిన ఉపగుంపునే ముందుగా హెచ్చరించే వీలు కల్పించింది. ప్రధాన రేడియోను పూర్తిగా ఆపి, అతి తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న రిసీవర్‌ను మాత్రం కాపలా ఉంచడం మరో దారి. వై-ఫైకి ఇలాంటి ప్రమాణం 2021లో వచ్చింది. 3జీపీపీ దీన్ని రిలీజ్ 18లో అధ్యయనం చేసి, ఆ తరువాతి రిలీజ్‌లో ప్రమాణంగా మలిచే పని చేపట్టింది.

పొదుపు బేస్ స్టేషన్లకూ విస్తరించింది. ఎల్‌టీఈ బేస్ స్టేషన్ వాడేవారు లేకున్నా దాదాపు ప్రతి మిల్లీసెకనులో రిఫరెన్స్ సంకేతాలు పంపాలి. 5జీలో మామూలుగా 20 మిల్లీసెకన్లకోసారి పంపే సంకేతాలు చాలు. ఆ వ్యవధిని 160 దాకా పెంచవచ్చు. ఆ విరామాల్లో యాంప్లిఫయర్లను ఆపేయవచ్చు. రిలీజ్ 18 ఇంకో అడుగు వేసి, సెల్ ప్రసారాన్నీ స్వీకరణనూ నిర్ణీత వేళల్లో ఆపి, ఆ వేళాపట్టికను ఫోన్లకు ముందే తెలిపే పద్ధతిని ప్రవేశపెట్టింది. దాంతో ఆలకించే వేళల ఒప్పందం ఫోనుకూ నెట్‌వర్క్‌కూ ఉమ్మడిదైంది.