మువ్వ నుంచి మద్రాసు దాకా

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ. పటంలో ఈ మూడు ఊళ్లనూ గీతలతో కలిపితే చిన్న ముక్కోణం వస్తుంది. బస్సులో ఒక్క పూటలో చుట్టి రావచ్చు. ఆ ముక్కోణంలోనూ దాని అంచుల్లోనూ పుట్టినవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పదాల క్షేత్రయ్యది మువ్వ అని సంప్రదాయం. దానికి కూతవేటు దూరంలో కూచిపూడి. ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టిన చౌటపల్లి, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, నందమూరి తారక రామారావు పుట్టిన నిమ్మకూరు, కైకాల సత్యనారాయణ పుట్టిన కౌతారం అన్నీ గుడివాడ చుట్టుపట్లవే. సంగీత దర్శకుడు సుసర్ల దక్షిణామూర్తి, పాటల రచయిత వేటూరి సుందరరామమూర్తి ఇద్దరిదీ పెదకళ్లేపల్లి. తెలుగు సినిమాకు ఆద్యుడు రఘుపతి వెంకయ్య బందరు (మచిలీపట్నం) బిడ్డ. ఇంత చిన్న చోట ఇంతమంది ఎలా పుట్టారని అడిగితే మనవాళ్లు సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటే: ఆ నీళ్లలో ఉంది, ఆ మట్టిలో ఉంది. వినడానికి ఇంపుగా ఉన్నా ఈ జవాబు దేన్నీ వివరించదు. పైగా తరతరాలుగా కష్టపడి విద్య నేర్పినవాళ్ల శ్రమను మట్టి ఖాతాలో జమ చేస్తుంది.

ఇదే ప్రశ్నను ఐరోపా ఉత్తరాన మరో రకంగా అడుగుతుంటారు. హెవీ మెటల్ సంగీతం పుట్టింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ కార్ఖానాల నడుమ. 1970లో బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డుతో దానికి ఒక రూపం వచ్చింది. అయినా తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో ఆ సంగీతానికి పెద్ద నెలవులుగా పేరు తెచ్చుకున్నవి జనాభా తక్కువున్న స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ దేశాలు. కారణం అడిగితే అక్కడా నేల గుణమే చెబుతారు: నెలల తరబడి చీకటి, ఎముకలు కొరికే చలి, వైకింగుల రక్తం. చీకటీ చలీ సైబీరియాలోనూ ఉన్నాయి, అలాస్కాలోనూ ఉన్నాయి. అక్కడినుంచి ఇన్ని బృందాలు రాలేదు. స్వీడన్‌లో 1940ల నుంచి పురపాలక సంఘాలు సంగీత పాఠశాలలు పెట్టి మామూలు ఇళ్ల పిల్లల చేతికి వాయిద్యాలు ఇచ్చాయి. పెద్దల చదువు కోసం ఏర్పడిన సంఘాలు కుర్రకారుకు సాధన గదులు సమకూర్చాయి. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్ నగరాల్లో ఒకే స్టూడియో చుట్టూ పదేసి బృందాలు తిరిగాయి. పాట ఇంగ్లీషులో కట్టారు కాబట్టి సంత దేశం దాటింది. నేర్చుకునే చోటు, దగ్గర్లోనే డబ్బిచ్చి చూసే జనం, పెద్ద సంతకు దారి. ఈ మూడూ ఒకచోట కలిస్తే కళాకారులు గుంపులుగా వస్తారని నా వాదన. కృష్ణా దిగువ చరిత్ర దాన్ని స్వీడన్ కంటే నాలుగు వందల ఏళ్ల ముందే చూపించింది.

నేర్చుకునే చోటు సంగతి మొదట. పాత దివి తాలూకాలోని కూచిపూడిని మనం ఒక నాట్యరీతి పేరుగా తలుస్తాం గాని, నిజానికి అది ఒక వృత్తి గ్రామం. విజయనగర ప్రభువు వీర నరసింహరాయల ముందు కూచిపూడి వారు కేళిక ఆడి, సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు ఆగడాలను ఆ ఆటలోనే బయటపెట్టారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. అంటే 16వ శతాబ్ది మొదట్లోనే వీళ్లు ఊరూరా తిరిగి ఆడే మేళాలన్నమాట. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు భూములిచ్చి నిలిపిన మెలట్టూరులో ఇప్పటికీ తెలుగులో భాగవత మేళం ఆడుతున్నారు. ఆ దారి ఎంత పొడవైనదో దాన్నిబట్టి తెలుస్తుంది. గోల్కొండ చివరి సుల్తాను తానాషా బందరు వెళ్తూ దారిలో ఆట చూసి ముచ్చటపడి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడి వారి కథనం. కథనంలో నిజం పాలు ఎంతైనా, సుల్తాను ఆ దారిన రావడానికి కారణం మాత్రం గట్టిదే. బందరు గోల్కొండకు ప్రధాన రేవు. డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు కొఠీలు పెట్టింది అక్కడే. రేవుకు పోయే దారి పక్కన ఉండటం ఆడేవాడికి మొదటి నుంచీ లాభమే.

ఆ ఊరి చదువు ఎలాంటిదో చూడాలి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి ఇళ్లలో పుట్టిన మగపిల్లవాడు అడుగులు ఒక్కటే నేర్చి ఊరుకుంటే కుదిరేది కాదు. దరువు పాడాలి, వాచికం చెప్పాలి, సంస్కృతం తెలియాలి, నట్టువాంగం పట్టాలి, రంగు వేసుకోవాలి. అవసరమైతే సూత్రధారుడి మాట అందుకుని సభను నవ్వించాలి. భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగికి ఇచ్చిన మాట ప్రకారం ప్రతివాడూ బతుకులో ఒక్కసారైనా అందులో సత్యభామ వేషం కట్టాలి. ఇష్టం ఉన్నవాడే నేర్చుకునే చోట పదిమందిలో ఒకడు తేలుతాడు. ఊరు ఊరంతా నేర్చుకోక తప్పని చోట మధ్యరకం వాడి స్థాయి కూడా పైకి పోతుంది. గొప్పవాడు ఆ ఎత్తు మీద నుంచి మొదలుపెడతాడు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ ముందుకు వేసుకుని తెర వెనక నుంచి రాగానే ఆడవాళ్లు కూడా నమ్మేవారంటే ఆ ప్రతిభ ఆయనదే. అయితే దాని కింద ఎన్నో తరాల సత్యభామలు ఉన్నారు.

సంగీతానిదీ ఇదే కథ. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి పెదకళ్లేపల్లిలో ఉండి పాఠం చెప్పారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు దివిసీమ పక్క శ్రీకాకుళం గ్రామానికి చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. కావేరి ఒడ్డు విద్య మూడు తరాల్లో కృష్ణ ఒడ్డు విద్య అయింది. చౌటపల్లిలో ఘంటసాల తండ్రి సూరయ్య తరంగాలు పాడుతుంటే చిన్నపిల్లవాడు ఆ పాటకు అడుగులు వేసేవాడు. అవే నారాయణ తీర్థుల తరంగాలు కూచిపూడి ఆటలోనూ ఉన్నాయి. పిల్లవాడు తర్వాత విజయనగరం వెళ్లి మధుకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శాస్త్రం నేర్చాడు. శాస్త్రం విజయనగరం ఇచ్చినా, సంగీతం ఒక బతుకుదెరువు కాగలదన్న నమ్మకాన్ని ఇచ్చింది చౌటపల్లి ఇల్లే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇదంతా కాలవల పుణ్యం కాదా? 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కరవు నేల మాగాణి అయింది. వడ్లు అమ్ముడుపోయాయి, చేతిలో డబ్బు ఆడింది, కళ దానంతట అదే వచ్చిందంటారు. తేదీలే దీనికి ఎదురు చెబుతున్నాయి. కూచిపూడి మేళాలు ఆనకట్టకు మూడు వందల ఏళ్ల పెద్దవి. పైగా రాయలసీమ సంగతి చూడండి. కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటక కుటుంబాలకు కాలవ లేదు, మూడు పంటలు లేవు. అయినా ఇంటిల్లిపాదీ వేషం కట్టే ఆ పద్ధతి నుంచే తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి వచ్చింది. విత్తనం వృత్తి కుటుంబమే. నీళ్లు లేకపోయినా అది మొలుస్తుందని సురభి రుజువు చేసింది.

అయితే కాలవల్ని పూర్తిగా తీసేయలేం. నీళ్లు కళాకారుణ్ణి పుట్టించలేదు గాని ప్రేక్షకుణ్ణి పుట్టించాయి. కుప్ప నూర్పిళ్లు అయ్యాక చేతిలో ధాన్యమూ తీరికా ఉన్న వందలాది ఊళ్లు, ఒకదానికొకటి నడక దూరంలో ఏర్పడ్డాయి. ఒక రాత్రి ఒక ఊళ్లో కాగడాల వెలుగులో ఆడి సంభావన తీసుకుని, మర్నాడు కాలవ గట్టు పట్టుకుని పక్క ఊరికి పోవచ్చు. అదే జనం నాటకాల కాలం వచ్చేసరికి నాటకాలనూ పోషించారు. 1880ల్లో బందరు రంగస్థలం కోసం నాదెళ్ల పురుషోత్తమ కవి హిందుస్తానీ నాటకాలను తెలుగు లిపిలో రాశాడు. రేవు పట్నం కాబట్టి అలాంటి నాటకానికి అక్కడ చెవులు ఉన్నాయి. ఆ తరువాత బందరు డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు జనం నోట ఆడాయి. ఆయన నడిపిన ఇండియన్ డ్రమటిక్ కంపెనీకి నాటకాలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరు జాతీయ కళాశాలలో చదువుకున్నవాడే. పాతాళ భైరవి, మాయాబజార్ మాటలకు ఆ చురుకు పట్నం నాటకశాలలోనే వచ్చింది. అక్కడ ప్రతి రాత్రీ ఏ మాట పేలిందో ఏది పేలలేదో రచయితకు వెంటనే తెలిసిపోయేది.

మూడోది దారి. కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోది. 1899 నాటికి రైలు బెజవాడను మద్రాసుతో కలిపింది. సినిమా మద్రాసులో స్థిరపడేసరికి ఇక్కడివాళ్లకు అది పరాయి ఊరు కాదు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామ ప్రసాద్ సారథి ఫిలిమ్స్ వెనక నిలిస్తే, కృష్ణా జిల్లా నందమూరుకు చెందిన గూడవల్లి రామబ్రహ్మం 1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ తీశాడు. జమీందారీ పెత్తనాన్ని ఎండగట్టిన సినిమాకు జమీందారు డబ్బు పెట్టడం నిజంగా మెచ్చుకోదగ్గ విషయం. కూచిపూడి నుంచి వేదాంతం రాఘవయ్య నృత్య దర్శకుడిగా వెళ్లి 1953లో దేవదాసుకు దర్శకుడయ్యాడు. పసుమర్తి కృష్ణమూర్తి మాయాబజార్ నృత్యాలు కూర్చాడు. వెంపటి పెద సత్యం సినిమాలకు పనిచేస్తే, చిన సత్యం 1963లో మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాడు. ముందు వెళ్లినవాడు వెనకవాడికి పని చూపించాడు. ఇద్దరు మహానటుల మొదటి అడుగులు కూడా గమనించండి. నాగేశ్వరరావు నాటకాల్లో ఆడవేషాలతో పేరు తెచ్చుకుని, బెజవాడ రైల్వే స్టేషన్లో ఘంటసాల బలరామయ్య కంటపడి 1944లో సీతారామ జననంలో రాముడయ్యాడు. రామారావు బెజవాడ కళాశాల నాటకంలో మీసం తీయనంటూనే నాగమ్మ వేషం కట్టాడు. మగవాడు ఆడవేషం కట్టాలంటే చూపు, మెడ, మణికట్టు, నడక అన్నిటినీ కొత్తగా నేర్చుకోవాలి. భామాకలాపం నుంచి వచ్చిన ఆ అలవాటు నటనకు గట్టి పునాది వేసిందని నా నమ్మకం.

మరో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ఇది కళ విజయమా, భూమీ కులమూ పెట్టుబడీ కలిసి సాధించిన విజయమా? కృష్ణా గుంటూరు యాసే సినిమా భాష అయిపోయింది. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలు చాలాకాలం నవ్వించడానికో విలన్లకో మిగిలాయి. డబ్బున్నవాడు తన ఊరివాణ్ణే తీసుకుంటాడు. ఇందులో చాలా నిజం ఉంది, దాచి లాభం లేదు. విజయం ఎంత పెద్దదన్నది పెట్టుబడి నిర్ణయించింది. కాని పెట్టుబడికి స్టూడియో కట్టడం తెలుసు, పద్యం నిలబెట్టి పాడే గొంతును తయారుచేయడం తెలియదు. మొదటి తరం నిర్మాతలు తమ ఊరి పక్కన వెతికితే శిక్షణ పొందినవాళ్లు దొరికారు. దొరకకపోతే ఆ డబ్బు వేరే చోటికి పోయేది. రెండూ కలిసి వచ్చాయి, అందుకే లెక్క ఇంతైంది.

ఈ లెక్కలో చేరని వాళ్లున్నారు, వాళ్ల గురించి చెప్పకుండా ఈ చరిత్ర చెప్పడం అన్యాయం. కూచిపూడి మేళంలో ఆడవాళ్లకు చోటు లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటివారు 20వ శతాబ్దిలో నియమం సడలించి నేర్పేదాకా ఆ తలుపు మూసే ఉంది. క్షేత్రయ్య పదాలను గుండెలో దాచుకుని, అభినయం పట్టి, మూడు వందల ఏళ్లు మనదాకా మోసుకొచ్చింది కలావంతులు, అంటే దేవదాసీ స్త్రీలు. ఒక్క పాదాన్ని పదిరకాలుగా పట్టగల ఆ విద్య ఏ అగ్రహారం విద్యకూ తీసిపోదు. దేవదాసీ వ్యవస్థలోని దోపిడీని ఆపడానికి 1947లో మద్రాసు చట్టం వచ్చింది. ఆ దోపిడీ పోవాల్సిందే. దానితోపాటు ఆ స్త్రీల విద్యకూ బతుకుదెరువు పోయింది. వేదికా గౌరవమూ మగవాళ్ల మేళాలకు వెళ్లాయి, అపవాదు ఆ స్త్రీలకు మిగిలింది. ఈ సీమ కీర్తి పట్టికలో వాళ్ల పేర్లు లేకపోవడానికి ప్రతిభ కొరత కారణం కాదు.

ఇప్పటి పరిస్థితి చూస్తే మూడింటిలో రెండు ఉన్నాయి. నేర్చుకునే చోటు ఉంది: కూచిపూడిలో సిద్ధేంద్ర యోగి కళాపీఠం ఉంది, ప్రపంచమంతటా బడులున్నాయి. సంతకు దారి మునుపటికంటే విశాలమైంది. పోయింది మధ్యలోది, ఊళ్లో డబ్బిచ్చి చూసే జనం. రాత్రంతా సాగే యక్షగానాలు అరుదైపోయాయి. పది నిమిషాల ఏకపాత్ర నృత్యం సభల్లో మిగిలింది. సూత్రధారుడి హాస్యం, దరువు మీద దరువు, వాచికం పోతే మిగిలేది అడుగులే. ప్రభుత్వ బిరుదులు దీన్ని నిలబెట్టలేవు, ఎందుకంటే ఈ విద్యను ఇన్నాళ్లూ నిలబెట్టింది ఊళ్ల సంభావనే. గుడివాడ నుంచి నాగాయలంక దాకా ప్రతి ఊళ్లోనూ ఏటా కల్యాణోత్సవాలూ జాతరలూ జరుగుతాయి, లక్షల చందాలు పోగవుతాయి. ఆ కమిటీల పెద్దలకు నాదొక మనవి: ఈసారి ఒక్క రాత్రి మేళానికి కేటాయించండి. ఉషాపరిణయమో భామాకలాపమో పూర్తిగా ఆడించండి, అడిగినంత సంభావన ఇవ్వండి, పిల్లల్ని ముందు వరసలో కూచోబెట్టండి.