ముక్కు గొట్టంతో ఇంటికి పంపారా? పాలు పోసే ముందు ఇవి చూడండి

ఎలమంచిలి నుంచి విశాఖ కేజీహెచ్‌కి దాదాపు 60 కిలోమీటర్లు. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లనీ, హైవే మీద తలకి దెబ్బ తగిలిన కుర్రాళ్లనీ మన ఊరివాళ్లు చాలామంది విశాఖకే తీసుకెళ్తారు. డిశ్చార్జి నాటికి మింగడం రాకపోతే రోగిని ముక్కులో గొట్టంతోనే పంపిస్తారు. ఆ రోజు నుంచి ఇంట్లో కోడలో, కూతురో, మనవడో నర్సు అయిపోవాల్సిందే.

మా దాదీకి పక్షవాతం వచ్చినప్పుడు మాకు చెప్పింది ఒక్క ముక్క: "రెండు గంటలకోసారి పాలు పొయ్యండి." అంతే. ఒక రాత్రి ఆవిడ నిద్రలో గొట్టం కొంచెం లాగేసుకుంది. ప్లాస్టర్ ముక్కు మీదే ఉంది కాబట్టి చూడ్డానికి అంతా బాగానే ఉంది. అమ్మీ పాలు పోయబోతూ, గొట్టం మీద పెన్నుతో పెట్టిన గీత ముక్కుకి నాలుగు వేళ్ల దూరంలో ఉండటం చూసి ఆగింది. గొట్టం కొస కడుపులోంచి పైకి జారితే, పోసిన పాలు గొంతులోకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, దాంతో న్యుమోనియా వస్తుందని మాకు తర్వాత తెలిసింది.

గొట్టం ఎలా వేస్తారు

మన ఆసుపత్రుల్లో దీన్ని రైల్స్ ట్యూబ్ అంటారు. జాన్ రైల్ అనే ఇంగ్లాండ్ డాక్టర్ పేరు అది, రైళ్లతో సంబంధం లేదు. పెద్దవాళ్లకి సాధారణంగా 14 లేదా 16 సైజు వేస్తారు. 16 సైజు అంటే 5 మిల్లీమీటర్ల పైచిలుకు లావు. ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక కింది కొస దాకా కొలిచి, అంత పొడవు లోపలికి పంపుతారు. రోగికి తెలివి ఉంటే తల కొంచెం ముందుకి వంచి గుటక వేయమంటారు. తలకి దెబ్బ తగిలి పుర్రె అడుగు ఎముక విరిగిందని అనుమానం ఉంటే మాత్రం ముక్కులోంచి వేయకూడదు, నోట్లోంచి వేస్తారు.

వేశాక అసలు ప్రశ్న: అది కడుపులోకి వెళ్లిందా, ఊపిరితిత్తుల్లోకా? మగతలో ఉన్న రోగికి దగ్గు కూడా రాకపోవచ్చు. సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతి నమ్మదగ్గది కాదు, ఎందుకంటే గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి చప్పుడే రావచ్చు. బ్రిటన్‌లో 2005లోనే దీన్ని వాడొద్దని ఆసుపత్రులకి చెప్పేశారు. సిరంజితో లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, లేకపోతే ఎక్స్‌రే తీయాలి. గ్యాస్ మాత్రలు వాడేవాళ్లలో పీహెచ్ పెరిగిపోతుంది కాబట్టి వాళ్లకి తరచుగా ఎక్స్‌రేయే దిక్కు. "ఎక్స్‌రే తీశారా?" అని అడగడానికి మొహమాటపడకండి.

ఇంట్లో ప్రతి పూటా

ముందు ముక్కు దగ్గర గీత ఎక్కడుందో చూస్కోవాలి. నోరు తెరిపించి టార్చితో చూడాలి, గొట్టం గొంతులో చుట్టుకుపోయి ఉండొచ్చు. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపాలి. మామూలు మంచమైతే వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టాలి, పోశాక కూడా అరగంట నుంచి గంట దాకా పడుకోబెట్టొద్దు. సిరంజి పిస్టన్ తీసేసి, ఆహారాన్ని దానంతట దాన్నే దిగనివ్వాలి. 200 మిల్లీలీటర్లకి 15, 20 నిమిషాలు పట్టినా పర్లేదు, తొయ్యకూడదు. ముందూ తర్వాతా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి. ఈ కొలతలు పెద్దవాళ్లకే, పిల్లలకి డాక్టర్ చెప్పినంతే. మధ్యలో దగ్గు, ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆపేసి 108కి ఫోన్ చెయ్యాలి.

మన ఇళ్లలో గొట్టం మూసుకుపోయేది ఎక్కువగా రాగి జావతో, మాత్రల పొడితో. జావ చల్లారితే చిక్కబడుతుంది, అందుకే పలచగా కాచి వడకట్టాలి. అలాగని వట్టి పాలు, కొబ్బరినీళ్ల మీద వారాల తరబడి ఉంచితే మనిషి ఎండిపోతాడు. ఎంత ప్రోటీన్, ఎన్ని కేలరీలు కావాలో డైటీషియన్ చేత రాయించుకోండి. చాలా రోజులు తిండి లేని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పోయడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు.

మాత్రలు ఒక్కొక్కటే మెత్తగా నూరి నీళ్లలో కలపాలి. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ ఉన్నవి, కడుపులో కరగకుండా పూత వేసినవి నూరకూడదు. వాటికి బదులు సిరప్ ఉందేమో డాక్టర్‌ని అడగాలి. గొట్టం మూసుకుపోతే పెద్ద సిరంజితో గోరువెచ్చని నీళ్లు మెల్లగా లోపలికీ బయటికీ ఆడించాలి. తీగ పెట్టి పొడవొద్దు.

పూర్తిగా ఊడొస్తే ఇంట్లో మళ్లీ దూర్చొద్దు, దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ఒక పూట ఆలస్యమైతే సాధారణంగా కొంప మునగదు. కానీ ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి ఆహారం ఆగితే షుగర్ పడిపోతుంది, డాక్టర్‌ని అడగకుండా సూది వేయకండి.

పొట్ట మీద గొట్టం

నాలుగు నుంచి ఆరు వారాలు దాటినా మింగడం రాకపోతే పెగ్ గురించి చెబుతారు. ఎండోస్కోపీ సాయంతో పొట్ట మీద చిన్న రంధ్రం చేసి పెట్టే గొట్టం ఇది. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీ అనే డాక్టర్లు మొదట చేశారు. పక్షవాతం రోగులకి దీన్ని తొందరపడి వేయించొద్దు. 2005లో లాన్సెట్‌లో వచ్చిన ఫుడ్ ట్రయల్‌లో, మొదటి వారాల్లో ముక్కు గొట్టం పెట్టినవాళ్ల కంటే పెగ్ పెట్టినవాళ్ల పరిస్థితి మెరుగ్గా లేదు, కొంత అధ్వానంగానే ఉంది.

పెగ్ చుట్టూ ఎరుపు, చీము, వాసన ఉంటే చూపించాలి. బయటి బిళ్ల చర్మాన్ని నొక్కేలా బిగించకూడదు, అర సెంటీమీటరు సందు ఉండాలి. లేకపోతే లోపలి బిళ్ల కడుపు గోడలోకి కూరుకుపోతుంది. వేసిన మొదటి నెలలోపు ఊడితే ఎట్టి పరిస్థితిలోనూ తిరిగి పెట్టి పాలు పోయకండి, అవి కడుపు బయట పడి ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత ఊడినా దారి కొన్ని గంటల్లోనే మూసుకుపోవచ్చు కాబట్టి ఆ గొట్టం పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి. ఖర్చు విషయం ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ముందే అడగండి.

మతిమరుపు బాగా ముదిరిన పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లకి పెగ్ వల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువు లేదు. ఓపిగ్గా చేత్తో తినిపించడమే మేలని వృద్ధుల వైద్య నిపుణులు అంటున్నారు.

రంజాన్‌లో ఇంకో ఇబ్బంది. దాదీ మాట రాక, పగలు పాలు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టేది. రోగికి రోజా మినహాయింపు ఖుర్ఆన్‌లో సూరె బఖరాలోనే ఉందని మా చాచా పక్కన కూర్చుని రోజూ చెప్పేవాడు. ఫిద్యా ఎంతో మస్జిద్ ఇమామ్ సాబ్‌ని అడిగి ఇచ్చేశాక, ఆవిడ చెయ్యి తీసేసింది.