న్రి ఊరి మూలకథ: నేల ఎవరిది, సమాధులెవరివి?

ఆఫ్రికా చరిత్ర అనగానే మన విద్యార్థులకి గుర్తొచ్చేది బానిసల ఓడలు, లేకపోతే మండేలా. అక్కడి ఒక ఊరు తన పుట్టుక గురించి తాను ఏం చెప్పుకుంటుందో మనం అడగం. మేము ఈ వ్యాసంలో ఒక్క ఊరినే తీసుకుంటున్నాం. ఆగ్నేయ నైజీరియాలో, ఇప్పటి అనంబ్రా రాష్ట్రంలో ఉన్న ఇగ్బో ప్రజల ఊరు న్రి. సైన్యం లేకుండానే కొన్ని వందల ఏళ్ళు చుట్టుపక్కల ఇగ్బో ఊళ్ళలో తన మాట చెల్లించుకున్న ఊరు అది. ఎట్లా చెల్లించుకున్నదో దాని మూలకథ చెబుతుంది. ఆ కథని గద్దె వైపు నించి కాకుండా, కథలో చచ్చిపోయినవాళ్ళ వైపు నించి చదవాలని మా ప్రయత్నం.

కథ ఇది. చుక్వు అనే పరమదేవుడు ఎరి అనే మనిషిని ఆకాశం నించి దింపాడు. అప్పటికి నేలంతా బురద. నిలబడే చోటు లేక ఎరి ఒక పుట్ట మీద కూచున్నాడు. చుక్వు అవ్కా నించి ఒక కమ్మరిని పంపితే, అతను కొలిమితిత్తితో ఊది నేల ఆరబెట్టాడు. ఎరి బతికినన్నాళ్ళూ ఆకాశం నించే తిండి దిగింది. అతను చనిపోయాక అది ఆగింది. కొడుకు న్రి మొరపెట్టుకుంటే చుక్వు, నీ పెద్దకొడుకునీ పెద్దకూతుర్నీ చంపి పాతిపెట్టమన్నాడు. నాలుగు రోజుల ఇగ్బో వారాలు మూడు గడిచాక కొడుకు సమాధి మీద పెండలం, కూతురి సమాధి మీద చేమ మొలిచాయి. ఆ తర్వాత ఒక బానిసనీ ఒక బానిస స్త్రీనీ చంపి పాతారు. అతని సమాధి మీద పామాయిల్ చెట్టు, ఆమె సమాధి మీద ఉక్వా అనే పనసజాతి చెట్టు లేచాయి. ఈ తిండిని అందరికీ పంచమని చుక్వు ఆజ్ఞాపిస్తే న్రి బదులు అడిగాడు. ఊళ్ళలో మైల పడితే శుద్ధి చేసే హక్కు, బిరుదులిచ్చే హక్కు, పెండలం పంటకి మందు కట్టే హక్కు ఆ బేరంలో వచ్చినవే.

న్రి పెత్తనం సారాంశమంతా ఈ చివరి మాటలో ఉంది. నుదుటి మీద ఇచి గాట్లు పెట్టుకున్న న్రి మనుషులు కర్ర చేతబట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. ఎవరూ వాళ్ళ మీద చెయ్యి వేసేవాళ్ళు కాదు. నేల మీద అపచారం జరిగిందంటే వాళ్ళు రావాలి, శుద్ధి చెయ్యాలి, దానికి ప్రతిఫలం తీసుకోవాలి. ఏది మైలో చెప్పేదీ వాళ్ళే, దాన్ని కడిగేదీ వాళ్ళే. ఈ ఏర్పాటు మన పాఠకులకి కొత్తగా అనిపించదు.

కాని కథలో ఇంకో సంగతి ఉంది. న్రి సంతానం ఇప్పటి ఊరికి వచ్చేసరికి అక్కడ ఆదమ అనేవాళ్ళు ముందే ఉన్నారు. నేల మీద ఆచారపరమైన అధికారం వాళ్ళది. ఊరిరాజు ఎజె న్రి పట్టాభిషేకం వాళ్ళు లేకుండా జరగదు. రాజుకి ఒంటినిండా తెల్లమట్టి పూసి, చచ్చిపోయినవాడిలాగా పాతి లేపే తంతు ఉంది. అంటే, ఆకాశం నించి దిగినవాడి వారసుడు కూడా ముందున్నవాళ్ళ మట్టిలోంచి లేస్తే తప్ప రాజు కాడన్నమాట. జాంబపురాణంలో జాంబవంతుడు భూమికంటే ఆరునెలలు ముందు పుట్టాడని విన్నవాళ్ళకి, ముందు ఎవరున్నారన్న ప్రశ్న ఎంత పదునైనదో చెప్పక్కర్లేదు. అయితే తేడా ఉంది. ఆదమలు వెలి కాలేదు, ఊళ్ళో వాళ్ళ స్థానం వాళ్ళకి ఉంది. స్థానం లేనిది సమాధుల్లోని బానిసలకి. బానిసని ఇగ్బోలో ఓహు అంటారు. రాజు పిల్లలు చచ్చినా వాళ్ళ వంశం మిగిలింది. పెండలానికి పండుగ ఉంది, దాన్ని పంచే రాజు ఉన్నాడు. ఆ ఓహుల పేరేమిటో, ఏ ఊరి నించి తెచ్చారో కథ చెప్పదు. న్రి నేల మీద అడుగుపెట్టిన బానిసకి విముక్తి దొరికేదని గొప్పగా రాసినవాళ్ళున్నారు. ఆ మాట అనేముందు ఈ రెండు సమాధుల సంగతి చూడాలి గదా!

ఇది కథే కదా అని కొట్టిపారెయ్యడానికి లేదు. న్రికి దగ్గర్లోని ఇగ్బో-ఉక్వులో 1938-39 ప్రాంతంలో ఒకాయన ఇంటి దగ్గర నీళ్ళతొట్టి కోసం తవ్వుతుంటే కంచు వస్తువులు బయటపడ్డాయి. 1959-60లో, మళ్ళీ 1964లో థర్స్టన్ షా అక్కడ తవ్వకాలు జరిపాడు. సుమారు వెయ్యేళ్ళ కిందటి కంచు పనితనం, లక్షన్నరకు పైగా పూసలు దొరికాయి. ఒక గోతిలో రాగి కిరీటంతో, కూచోబెట్టి పాతిన పెద్దమనిషి ఉన్నాడు. ఆ గోతి కప్పు పైన కనీసం అయిదుగురి ఎముకలున్నాయి. మ్యూజియం పుస్తకాల్లో కంచు పాత్రల ఫొటోలు చూస్తాం, ఆ అయిదుగురి గురించి ఒక వాక్యం చదువుతాం.

పామాయిల్ సంగతీ చూడండి. కథలో బానిస శరీరం మీద లేచిన చెట్టు నూనె 19వ శతాబ్దంలో ఇంగ్లండు సబ్బులకీ యంత్రాలకీ వెళ్ళింది. ఆ వ్యాపారం ఎంత పెద్దదంటే, 1885లో బ్రిటిష్‌వాళ్ళు ఆ తీరప్రాంతాన్ని తమ రక్షిత ప్రాంతంగా ప్రకటించి దానికి ఆయిల్ రివర్స్ అని పేరే పెట్టారు. 1911లో అప్పటి ఎజె న్రి ఒబలికెని అవ్కాకి రప్పించి, తన శుద్ధి అధికారాలు వదులుకునేలా చేశారు.

వదిలించినవాళ్ళే ఈ కథని రాసుకున్నారు. నార్త్‌కోట్ థామస్ అనే ప్రభుత్వ మానవశాస్త్రవేత్త 1910-11లో ఈ ప్రాంతం తిరిగాడు. 1929లో పన్నులకీ, ప్రభుత్వం నియమించిన వారంట్ చీఫులకీ వ్యతిరేకంగా ఇగ్బో స్త్రీలు తిరగబడితే కాల్పుల్లో యాభైమందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో ప్రభుత్వానికి 'అసలైన' సంప్రదాయ పెద్దలెవరో తెలుసుకోవలసిన అవసరం పడింది. జెఫ్రీస్ అనే అధికారి 1930ల మొదట్లో న్రి మీద చేసిన పరిశోధన ఆ వాతావరణంలోదే. చెప్పినవాళ్ళు బిరుదులున్న మగవాళ్ళు, అడిగినది ప్రభుత్వం. మెకంజీ కైఫీయత్తులకి మన గ్రామ కరణాలు జవాబులు చెప్పినట్టే ఇదీనూ. అందుకని కథని పారెయ్యమని మేము అనడం లేదు. చెప్పినవాళ్ళు దాచుకోకుండా మిగిల్చిన బానిసల సమాధుల్ని పట్టుకోమంటున్నాం.

ఇక ఓసుల సంగతి. ఓసు, ఓహు ఒకటి కాదు. ఓహు మనిషికి బానిస. ఓసు దేవతకి అంకితమైన మనిషి. అప్పుకో అమ్మకానికో భయపడి గుడిలోకి పరిగెత్తి ఓసు అయినవాళ్ళున్నారు. ఊరి మైలని మోసుకుపోవడానికి ఊరే కొని దేవతకి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒక్కసారి ఓసు అయితే పిల్లల పిల్లలూ ఓసులే. వాళ్ళతో పెళ్ళి లేదు, సభలో కోలా కాయ పగలగొట్టే హక్కు లేదు. వాళ్ళు కానివాళ్ళని చాలాచోట్ల న్వాదియాలా అంటారు, అంటే నేల బిడ్డ. మాటలోనే నేలని రాసేసుకున్నారు. చినువా అచెబె 1960 నాటి నవలలో లండన్‌లో చదివొచ్చిన యువకుడు ఓసు పిల్లని ప్రేమిస్తే అడ్డుపడేది అతని క్రైస్తవ ఉపదేశకుడైన తండ్రే. దేవతలు పోయినా అంకితం పోలేదు.

1956లో, నమ్‌ది అజికివె ప్రధానిగా ఉన్న తూర్పు ప్రాంత ప్రభుత్వం ఓసు పద్ధతిని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. 1999 రాజ్యాంగం 42వ సెక్షన్ పుట్టుకని బట్టి వివక్షని నిషేధించింది. 2001లో డర్బన్‌లో జరిగిన జాతివివక్ష వ్యతిరేక మహాసభకి మన దలిత కార్యకర్తలు కులాన్ని తీసుకుపోయినప్పుడు, ఆ సమయంలోనే హ్యూమన్ రైట్స్ వాచ్ వెలువరించిన నివేదికలో మనతోపాటు ఓసులూ ఉన్నారు. మన ఉద్యమాల్లో ఆ పరిచయం ముందుకి సాగవలసినంత సాగలేదని మా అభిప్రాయం.

2018 డిసెంబరు 28న న్రిలోనే సంప్రదాయ పెద్దలు కూడి, ఓసు పద్ధతి ఇకలేదని తంతు జరిపి ప్రకటించారు. చట్టం చెప్పిన అరవై రెండేళ్ళకి, మైలని కడిగే హక్కు తమదన్న ఊరు ఆ హక్కుని ఇందుకు వాడింది. చిన్న విషయమేమీ కాదది. కాని పెళ్ళిమాట వచ్చినప్పుడు అవతలివాళ్ళ ఊరికి మనుషుల్ని పంపి వంశం ఆరా తీసే ఆచారం, ఇజు ఎసె, ఇంకా నడుస్తున్నది. వెళ్ళినవాళ్ళు పిల్ల చదువుతోపాటు, ఆమె తాతలు ఈ నేలకి ఎట్లా వచ్చారని అడుగుతారు.